బ్రేకు నూనె వాసన: చోడవరం మీదుగా దేవరాపల్లి

దేవరాపల్లి వెళ్ళి వచ్చానని చెబితే మా మందుల షాపు దగ్గర చేరే మిత్రబృందం పకపకా నవ్వింది. "పొద్దున్న బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి దిగిపోయే ఊరు. అదీ ఒక యాత్రేనా?" అన్నారు. వాళ్ళకేం తెలుసు? కాశీకి రైలెక్కి కూర్చుంటే రైలే మోసుకుపోతుంది. బ్రేకు నిలవని కారులో, చెరుకు బళ్ళ మధ్య నుంచి, అనకాపల్లి దాటి చోడవరం చేరమనండి చూద్దాం. ఆ దారి ఎరగని వాళ్ళ కోసం, బస్సు కిటికీకి తల ఆనించి నిద్రపోతూ వెళ్ళిన వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

ముందు కారు సంగతి చెప్పాలి. హార్బరులో ఉద్యోగం చేసిన దొర ఒకాయన దేశం వదిలి పోతూ, తలనొప్పి మాత్రలు కొనడానికి మా షాపుకొచ్చి, మాటల్లో పెట్టి నాకు అంటగట్టిపోయాడు. ఎర్ర రంగు, పొడుగు ముక్కు, సైకిలు చక్రాల్లా ఊచలున్న చక్రాలు, పైన గుడ్డ టాపు. పందేల్లో పరిగెత్తే జాతి కారని దొర చెప్పాడు. సీట్లు రెండే. సంసారికి పనికొచ్చే కారు కాదు. మా ఆవిడ దానికి "సవతి" అని పేరు పెట్టి, అందులో కాలు పెట్టనని ఒట్టు కూడా పెట్టుకుంది. దొర వెళ్తూ వెళ్తూ ఒక రేకు పెట్టెనిండా విడి రబ్బర్లు, బ్రేకు నూనె డబ్బాలు ఇచ్చి, "మూతలు గట్టిగా బిగించు, గాలి తగిలితే ఈ నూనె చెడిపోతుంది" అని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. అలా ఎందుకు చెప్పాడో అప్పుడే అర్థం చేసుకోవలసింది.

ఇక అత్త సంగతి. మా నాన్నకి చెల్లెలు, పేరు అప్పలనరసమ్మ. మా మావ రామ్మూర్తి రంగూన్‌లో మోటారు మెకానిక్. బాంబులు పడుతున్నప్పుడు అత్తని ఓడెక్కించి, గ్యారేజీ లెక్కలు చూసుకుని వెనక ఓడలో వస్తానన్నాడు. ఆ వెనక ఓడ రాలేదు. ఏళ్ళు గడిచిపోయాయి. అత్త నుదుట అర్ధణా కాసంత బొట్టు మాత్రం అలాగే ఉంది. చెయ్యవలసిన కర్మ చేసేద్దామని పెద్దవాళ్ళు రెండుసార్లు పురోహితుణ్ణి వెంటబెట్టుకుని వచ్చారు. రెండుసార్లూ చీపురు చూపించి పంపించింది.

ఈ మాఘమాసంలో ఒక కబురు వచ్చింది. దేవరాపల్లి వాడు పోలయ్య బర్మా నుంచి తిరిగొచ్చాడట, అక్కడ రామ్మూర్తి అనే మెకానిక్‌తో కలిసి ఉండేవాడట. శుక్రవారం బస్సుకి కొండల్లో రోడ్డు పనికి పోతున్నాడట, మళ్ళీ ఎప్పుడొస్తాడో తెలియదట. అత్త షాపుకొచ్చి బల్ల మీద చెయ్యి ఆనించి నిలబడింది.

"ఒరే సూరీ, శుక్రారం లోపల నన్ను దేవరాపల్లి తీసుకెళ్తావేట్రా? ఉన్నాడంటే ఉన్నట్టు. లేడంటే ఈ బొట్టు తీసీడవే."

మర్నాడే బయల్దేరదీశాను. మంగళవారం ప్రయాణమేమిటని మా ఆవిడ గొణిగింది కానీ అత్త వినిపించుకోలేదు.

అనకాపల్లి

అనకాపల్లి బజారులో అడుగుపెడితే బెల్లం వాసన ముక్కులోంచి నాలిక మీదకి దిగుతుంది. కాఫీలో కూడా బెల్లమే వేస్తారేమో అనుకున్నాను. పంచదారే వేశాడు, కానీ మా ఊరి కాఫీలో వేసే దానికి రెట్టింపు. ఇడ్లీ మాత్రం మా ఊరి ధరకే, చేటంత. అత్త ఒకటి తిని రెండోది ఆకులో చుట్టి పెట్టుకుంది.

హోటలు పక్కన రేకు డబ్బాలకి మాట్లు వేసే సాయిబు గారు పని ఆపి కారు చుట్టూ తిరిగారు. "ముక్కు ఇంత పొడుగుంది, మడుసులకి సోటేది బాబూ? ఈ ముక్కుకోసమేనా తెల్లోళ్ళు అంత దూరం నుంచి దీన్ని తెచ్చుకున్నారు?" అని అడిగారు. 

బయల్దేరే ముందు కాళ్ళ దగ్గరున్న చెక్క బిళ్ళ తీసి, బ్రేకు నూనె కుండీ చూశాను. పొద్దున్న నిండా పోసినది సగానికి దిగింది. గుండె కూడా కాస్త దిగింది. ఎక్కడో కారుతోంది. బండి కింద దూరి చూస్తే బజారు దుమ్ము తప్ప ఏమీ కనబడలేదు. డబ్బా తీసి మళ్ళీ నింపాను. అత్త తన సీట్లో కూర్చుని ఒకసారి ముక్కు ఎగబీల్చింది.  బెల్లం వాసన పీలుస్తోందనుకున్నాను.

చెరుకు చెత్తలో దిగడం

చోడవరం రోడ్డు మీద ఈ గానుగల రోజుల్లో బళ్ళదే రాజ్యం. గానుగలకి చెరుకు తోలే బళ్ళు ఒకదాని తోక ఒకటి పట్టుకుని పోతుంటాయి. బండివాడు పడుకునే ఉంటాడు, ఎద్దులకి దారి తెలుసు. హారను కొడితే ఎద్దులే తలతిప్పి చూస్తాయి.

ఒక మలుపు తిరిగేసరికి ఎదురుగా బండి. బ్రేకు తొక్కాను. పెడల్ మెత్తగా, ఏ అడ్డూ లేకుండా నేల దాకా వెళ్ళిపోయింది. అయ్యబాబోయ్ అన్నది నేనో అత్తో ఇప్పటికీ తేలలేదు. చేతి బ్రేకు లాగి, పక్కనున్న కళ్ళంలోకి తిప్పేశాను. అక్కడ బెల్లం వండుతున్నారు. కారు తిన్నగా చెరుకాకు చెత్తకుప్పలో ముక్కు దూర్చి ఆగింది. టాపు మీద చెత్త, నా నోట్లో చెత్త. అత్త కొంగు దులుపుకుని, "మీ మావయితే ఆ బండి పక్కనుంచి తీసీసేవాడు" అంది.

పెనం దగ్గర తెడ్డు పట్టుకున్న పెద్దమనిషి పరుగున వచ్చాడు. పంచె మోకాళ్ళ మీదకి, చేతులకి బెల్లం జిగురు. ఆ గానుగ ఆయనదే. పేరు సన్యాసినాయుడు.

"ఏటి బాబూ, మా సెత్తలోకి దూరీసేరు? దెబ్బ తగల్లేదు గదా? ఒరే, పెనం సూడండ్రా, పాకం ముదిరిపోతాది! అమ్మా, మీరు దిగండి, ముందు రసం తాగండి."

రసం తాగాం. పెనంలోంచి వేడి పాకం చెరుకాకు మీద పోసి ఇచ్చారు. మా ఊళ్ళో ఎవరింట్లోనైనా ఇలా కారుతో సహా జొరబడితే ముందు తిట్లు, తరవాత పోలీసులు. ఇక్కడ పాకం పెట్టారు. తిన్న వేళ్ళు అతుక్కుపోయి కాసేపు స్టీరింగు వదల్లేదు. తరవాత జరిగింది చెప్పుకోడానికే సిగ్గు. పందేల్లో పరిగెత్తే జాతి కారుకి రెండు ఎద్దుల్ని కట్టి, చోడవరంలో నాయుడిగారి ఇంటి వాకిట్లోకి లాక్కెళ్ళారు. దారి పొడుగునా జనం నిలబడి చూశారు.

చోడవరం

నాయుడిగారి ఇంట్లో మర్నాడు పొద్దున్నే చోడి అంబలి, అంటే రాగి జావ, పచ్చి ఉల్లిపాయ, నంజుకోడానికి మాగాయ. అంబలి అంటే మా ఆవిడ దృష్టిలో జ్వరం వచ్చిన వాళ్ళ తిండి. నేను రెండు గిన్నెలు తాగి, పెద్ద మెకానిక్‌లా చొక్కా చేతులు పైకి మడిచి వాకిట్లోకి వచ్చాను.

చూద్దును కదా, నాలుగు చక్రాలూ తడి! ఊచల మధ్య నుంచి జిడ్డు కారి మట్టిలో పడుతోంది. వేలితో తీసి వాసన చూశాను. ఆముదం. నాకు కళ్ళు తిరిగినంత పనైంది. ఎందుకంటే ఈ బ్రేకు నూనె ఆముదం, స్పిరిటూ కలిపి చేసేదేనని దొర చెప్పాడు. అంటే నాలుగు చక్రాల్లోనూ రబ్బర్లు పోయాయన్నమాట. రేకు పెట్టెలో ఉన్నవి అన్నిటికీ చాలవు. శుక్రవారం దగ్గర పడుతోంది.

ఒక చక్రం ఊడదీశాను. రెండోది ఊడదీశాను. తుడిచే కొద్దీ నల్లటి జిడ్డు. లోపల రబ్బర్లు చూస్తే శుభ్రంగా ఉన్నాయి. మూడో చక్రం దగ్గర నాకు వెలిగింది. దొర డబ్బాలోని నూనె పెయింటు మీద పడితే ఊరుకోదు, పెయింటుని బొబ్బలెక్కించి ఊడగొడుతుంది. ఈ చక్రాల మీద ఎర్ర రంగు చెక్కు చెదరలేదు. అంటే ఇది ఉత్త ఆముదం. ఎక్కడిది?

నాయుడిగారు వేపపుల్ల నములుతూ వచ్చి గర్వంగా నిలబడ్డారు. "బాగా దిగిందాండి కందెన? మీ బండికి ఇరుసు సీల ఎక్కడుందో దొరకలేదు. అందుకని ఊసల్లోంచే నాలుగేపులా పోసీసేను. గడ్డి కాల్చిన మసి, ఇంట్లో ఆడించిన ఆవదం."

"ఎందుకండీ బాబూ!" అన్నాను, ఏడుపొక్కటే తక్కువ.

"ఎందుకేటండి? మా ఇంటికొచ్చిన సుట్టం బండికి కందెన ఎట్టకుండా ఎప్పుడేనా పంపేమా? ఎద్దులకి కుడితి, బండికి కందెన. మీకు ఎద్దుల్లేవు, కుడితి మిగిలిపోయింది."

ఏమంటాను? మా ఊళ్ళో చుట్టం వస్తే కాఫీ ఇచ్చి, ఎప్పుడు వెళ్తున్నారని అడుగుతాం. ఆయన తన చేతుల్తో నా కారుకి కందెన పెట్టాడు. దణ్ణం పెట్టి, నాలుగో చక్రం కూడా ఊడదీసి కిరసనాయిలుతో అన్నీ కడుక్కున్నాను. అదృష్టం, కందెన బ్రేకు డ్రమ్ముల లోపలికి పోలేదు.

కానీ అసలు కారేది ఎక్కడో తేలలేదు. గొట్టాలన్నీ తడిమాను, ఎక్కడా తడి లేదు. కుండీ చూస్తే మళ్ళీ తగ్గింది. నాయుడిగారు జాలిపడి, "అమ్మని బస్సులో పంపించీండి బాబూ, మా వోణ్ణి తోడిస్తాను" అన్నారు. నేను సరేనన్నాను. అత్త ఒప్పుకోలేదు.

"ఆ డబ్బాలో నాకు వాంతులు. ఎల్తే కారులోనే ఎల్తాను."

రంగూన్ నుంచి సముద్రం మీద వాంతి లేకుండా వచ్చిన మనిషి! నాకు ఒళ్ళు మండింది. "శుక్రారం దాటిపోతే నన్ననకు" అని కసిరాను. ఆవిడ వెళ్ళి కారులో తన సీట్లో కూర్చుంది. కారు కదలదని తెలిసీ కూర్చుంది. నేను అరుగు మీద కూలబడ్డాను. మధ్యాహ్నం ఎండ వాకిలంతా పరుచుకుంది. నాయుడిగారి భార్య అన్నానికి పిలిచింది, అత్త రానంది.

చాలాసేపటికి పిలిచింది. "ఒరే సూరీ, ఇలా రా."

వెళ్ళాను. నా వైపు చూడకుండా చెప్పింది. "నీ కాళ్ళ కింద సూడరా. పెడల్ అడుగున. ఆ చాప ఎత్తు."

చాప ఎత్తాను. కింద పలక మీద నల్ల పెయింటు బొబ్బలెక్కి, ముడతలు పడి, వేలు పెడితే ఊడి వచ్చింది. పెడల్ తోసే కడ్డీ వెంబడి, నూనెని నాలుగు చక్రాలకీ తోసే అసలు సిలిండరు వెనక రబ్బరు నుంచి సన్నగా కారుతోంది. కారినది కారినట్టు చాప పీల్చేసుకుంది. అందుకే కింద మట్టిలో నాకు ఒక్క చుక్కా కనబడలేదు.

"నీకెలా తెలుసత్తా?"

"వాసన రాదేట్రా? ఊరు దాటగానే వచ్చింది. మీ మావ సొక్కాలు ఇదే వాసన. ఎన్ని ఉతుకులు ఉతికినా పోయీది కాదు."

"ఊరు దాటగానే తెలిస్తే ఇప్పుడా చెప్పడం? నాలుగు చక్రాలు పీకించావు, చెత్తకుప్పలో పడ్డాం, ప్రాణాలు పోయేవి!"

"అంత కారతందని నాకేటి తెలుసురా? పడ్డాక సెబ్దామనే అనుకున్నాను. నోరు రాలేదు." కొంగు అంచు వేలికి చుట్టుకుంది. "బ్రేకు బాగైపోతే దేవరాపల్లి ఎల్లిపోతాం. ఎల్లిపోతే ఆ పోలయ్య ఏదో ఒకటి సెప్పీస్తాడు. ఇక్కడున్నంత సేపూ మీ మావ ఉన్నట్టే గదరా."

తడి చాప మడిచి పక్కన పడేశాను.  కాసేపటికి ఆవిడే కొంగుతో ముక్కు తుడుచుకుని, "ఊఁ, రబ్బరుందా పెట్లో? తియ్యి మరి. సీకటి పడకుండా అయిపోవాలి" అంది.

రబ్బరు ఉంది. సిలిండరు విప్పి పాతది తీశాను. అంచు చిరిగిపోయి ఉంది. కొత్తది వేసి బిగించాను. ఇక గొట్టాల్లో దూరిన గాలి బయటికి పంపాలి. ఒకరు పెడల్ తొక్కాలి, ఇంకొకరు చక్రం దగ్గర మర విప్పి, మళ్ళీ బిగించాలి. నాయుడిగారు తొక్కుతానని ఉత్సాహంగా వచ్చారు. అత్త ఆయన్ని పక్కకి తప్పించి, కుచ్చెళ్ళు పైకి దోపి, నా సీట్లో కూర్చుంది. నేను కారే నూనె పట్టడానికి మా షాపు మందు సీసా ఒకటి పట్టుకుని చక్రం పక్కన చతికిలబడ్డాను.

"నొక్కత్తా!"

"నొక్కీసేను."

"వదులు!"

"మర బిగించీవా? బిగించకుండా వదలమంటావేటి, గాలి ఎనక్కి లాగీదూ! మీ మావయితే ఈపాటికి నెత్తి మీద మొట్టీవాడు."

నాలుగు చక్రాలూ అలాగే చేశాం. ఆవిడ తొక్కుతూనే చెప్పింది. రంగూన్‌లో ఆదివారాలు పనివాళ్ళు రారట. మావ కింద, ఆవిడ పైన. అన్నం పొయ్యి మీద పెట్టి వచ్చి తొక్కేదట, మాడిన వాసన వస్తే పరిగెత్తేదట. ఓసారి ఫ్యాను బెల్టు మావ ఎడమచేతి ఉంగరం వేలు సగం కొరికేసిందట, అప్పుడు కూడా బండి అప్పగించేదాకా ఆస్పత్రికి వెళ్ళలేదట. ఇన్నేళ్ళలో మా ఇంట్లో ఎప్పుడూ మావ గురించి అత్త అంత మాట్లాడలేదు. పైనుంచి వస్తున్న ఆ గొంతు పెళ్ళికూతురి గొంతులా ఉంది. చివరి చక్రం అయ్యేసరికి పెడల్ రాయిలా గట్టిపడింది.

"అయిపోయిందత్తా."

"అప్పుడేనా?" అంది.

కె.కోటపాడు

మర్నాడు వినాయకుడి గుళ్ళో కొబ్బరికాయ కొట్టి బయల్దేరాం. నాయుడిగారి భార్య అత్తకి బొట్టు పెట్టి, రవికెల గుడ్డ, బెల్లం అచ్చు ఇచ్చింది. అత్త ఆ రవికెల గుడ్డని ఒళ్ళో పెట్టుకుని దారంతా నిమురుతూనే ఉంది. కె.కోటపాడులో ఆగితే ఒక ముసలాయన కారు తలుపు మీద చెయ్యి వేసి, "ఇది గుడ్డు నుంచి ఇప్పుడే వచ్చిందా, ఇంకా పెరుగుతాదా?" అని అడిగాడు. మరోసారైతే అత్త నవ్వేది. బ్రేకు మాత్రం తొక్కిన చోట ఆగుతోంది.

దేవరాపల్లి

కొండలు దగ్గరికొచ్చేశాయి. శారద ఏటి ఇసక దాటేటప్పుడు అత్త చెంగు నెత్తి మీదకి లాక్కుంది. పోలయ్య ఇల్లు తేలిగ్గానే దొరికింది. ఎండకి నలిగిన మనిషి, నులకమంచం మీద కూర్చుని సంచీకి తాడు కుడుతున్నాడు, రేపటి బస్సు కోసం. మంచం దిగి అత్తని కూర్చోమన్నాడు. అత్త నిలబడే ఉంది.

"రామ్మూర్తి అన్నారట మీరు, మెకానిక్కు."

"అవునమ్మా. ఒక్క గదిలోనే ఉండీవోళ్ళం."

"ఆయన సేతి వేళ్ళు ఎలాగుండీవి?"

పోలయ్యకి అర్థం కాలేదు. నా వైపు చూశాడు. "వేళ్ళేటమ్మా? అందరికీ ఉన్నట్టే, పదీ ఉండీవి. సాయంకాలం డోలు వాయించీవాడు. మూలపేట అవతల ఏదో ఊరనీవాడు. మొన్న వానల్లో జొరం వచ్చి పోయేడు పాపం. నా సేతుల మీదే పోయేడు."

అత్త అప్పుడు కూర్చుంది. మంచం మీద కాదు, నేల మీద. ముందు నవ్వింది. చేత్తో నోరు మూసుకుని నవ్వు ఆపుకుంది. వెంటనే ఆ చేతి వెనకే ఏడుపు వచ్చింది. మా ఆయన కాదు, మా ఆయన కాదు అని తలాడిస్తూ ఏడ్చింది. పోలయ్య భార్య నీళ్ళు తెచ్చింది.

తేరుకున్నాక అడిగింది. "ఆ పోయినాయనకి పెళ్ళాం ఉండీదా?"

"ఉందనీవాడమ్మా. ఆ ఊళ్ళోనే. కబురు సెప్పాలి, ఎవుల్ని అడగాలో తెలీలేదు."

అత్త చాలాసేపు నేల మీద వేలితో గీతలు గీసింది. "సెప్పాలి," అంది చివరికి. "సెప్పాలి గానీ... ఈ ఏడు పండగలు ఎల్లిపోనీ బాబూ. పసుపూ కుంకం తోటి ఓ ఏడుండనీ."

పోలయ్య సరేనన్నాడో లేదో నాకు తెలియదు. మాకు మాత్రం జొన్నన్నం, ఎండుచేపల పులుసు పెట్టారు. ఇంత రుచైన పులుసు నేను ఎక్కడా తినలేదు. అత్త కూడా తిన్నది.

తిరుగుదారి

ఏరు దాటాం. కోటపాడు దాటాం. చెరుకు బళ్ళు ఎదురొస్తుంటే బ్రేకు నొక్కుతూ, ఆగుతూ, సాగుతూ వస్తున్నాం. నా పనితనానికి నేనే మురిసిపోతున్నాను. నూనె పీల్చిన చాప చోడవరంలోనే పారేశాను, దాని బదులు వేసిన కొత్తది ఎత్తి చూస్తే పలక పొడిగా ఉంది. అత్త ఒకసారి నా పెడల్ వైపు వంగింది. కాసేపు పోయాక మళ్ళీ వంగింది. చోడవరం పొలిమేరలో అడిగేసింది.

"ఇప్పుడు వాసన రాట్లేదేట్రా సూరీ?"

"కారడం మానేసింది గదత్తా. నువ్వేగా ఎక్కడో చెప్పావు."

"అవునులే," అంది. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని రోడ్డు చూస్తూ కూర్చుంది.

రోడ్డు పక్కకి తీసి కారు ఆపాను. వెనక రేకు పెట్టెలోంచి బ్రేకు నూనె డబ్బా తీశాను. గాలి తగిలితే చెడిపోతుందని దొర చెప్పిన మాట గుర్తుంది. చెడిపోతే పోయింది. మూత తీసి పారేసి, డబ్బా అత్త కాళ్ళ దగ్గర పెట్టాను.

 ఆవిడ గతుకుల్లో ఒలకకుండా రెండు పాదాల మధ్యా డబ్బాని పట్టుకుని, కళ్ళు మూసుకుంది. బ్రేకు తొక్కే అవసరం రాకుండా, ఎద్దుబళ్ళ వెనక, ఎద్దుబండిలాగే నడుపుకుంటూ ఇంటికి తీసుకొచ్చాను.